గట్టిది అంటే ఏ లెక్కన గట్టిది?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. ముందు వరస నుంచి ఒక డబ్బా పంపించాను, అందులో చాక్ పీసులూ పేపర్ క్లిప్పులూ ఉన్నాయి, తలా రెండు చాక్ పీసులూ ఒక క్లిప్పూ తీస్కుని చేతిలో పెట్టుకోండి. ఇప్పుడే విరగ్గొట్టొద్దు, నేను చెప్పినప్పుడు అందరం కలిసి విరగ్గొడదాం.

ఇవాళ టాపిక్ మెటీరియల్స్ బలం, అంటే లోడ్ పడ్డప్పుడు ఏ మెటీరియల్ ఎలా ప్రవర్తిస్తుంది, ఎక్కడ వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అని. నేను దీన్ని ఒక తెలుగు మాటతో మొదలుపెడతా. "గట్టి" అనే మాట ఉంది కదా మనకి. గాజు మీద మేకుతో గీసినా గీత పడదు, గట్టిది అంటాం. లావుపాటి ఇనప కడ్డీ వంచబోతే వంగదు, గట్టిది అంటాం. నైలాన్ తాడు ఎంత లాగినా తెగదు, గట్టిది. లారీ టైరు ఎన్ని గుంతల్లో పడ్డా పగలదు, అదీ గట్టిదే. నాలుగు చోట్లా ఒకే మాట వాడేశాం, కానీ అవి నాలుగు వేరే వేరే గుణాలండీ. గీత పడకపోవడం హార్డ్‌నెస్, వంగకపోవడం స్టిఫ్‌నెస్, తెగకపోవడం స్ట్రెంగ్త్, దెబ్బ తిన్నా పగలకపోవడం టఫ్‌నెస్. ఒకటి ఉంటే రెండోది కూడా ఉంటుందని రూలేం లేదు, చాలాసార్లు ఒకటి పెంచబోతే ఇంకోటి తగ్గిపోతుంది. మాట ఒకటే అవ్వడం వల్ల బుర్రలో కూడా నాలుగూ కలిసిపోయాయి, ఇంజినీరింగ్ చదివినవాళ్ళకి కూడా.

ఇది ఎందుకింత పట్టుకున్నానంటే, నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్యాక్టరీలో ఒక షాఫ్ట్ విరిగింది. కన్వేయర్ తిప్పే షాఫ్ట్. విరిగింది కదా, అయితే ఇంకా గట్టి స్టీల్ తో చేయించండి అన్నారు, చేయించారు, డేటా షీట్ లో స్ట్రెంగ్త్ పాతదానికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. కొన్ని నెలలకి అదీ విరిగింది, అదే చోట. అప్పుడు ఆ రెండు ముక్కలూ టేబుల్ మీద పక్కపక్కన పెట్టుకుని చూస్తూ కూర్చున్నాం. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఆ రోజే. ఎందుకు విరిగిందో తర్వాత చెప్తాను, ముందు కొంచెం బేసిక్స్ కావాలి.

స్ట్రెస్, పాఠ్యపుస్తకంలో ప్రతిబలం అంటారు, ఏముంది, లోడ్ ని అది మోసే వైశాల్యంతో భాగిస్తే వచ్చేది. 10 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి కడ్డీ తీస్కోండి, పెన్సిల్ కన్నా కాస్త లావు అంతే. దాన్ని అడ్డంగా కోస్తే వచ్చే వైశాల్యం 78.5 చదరపు మిల్లీమీటర్లు. మామూలు మైల్డ్ స్టీల్ 250 మెగా పాస్కల్ దగ్గర లొంగుతుంది అంటారు, మెగా పాస్కల్ అంటే భయపడక్కర్లేదు, ప్రతి చదరపు మిల్లీమీటర్ కీ ఒక న్యూటన్. అంటే ఆ కడ్డీ 19,600 న్యూటన్ల దాకా ఆగుతుంది, సుమారు 2 టన్నుల బరువు. పెన్సిల్ అంత కడ్డీకి కారు వేలాడదీసినా సాగిపోకుండా నిలబడుతుంది, నాకైతే ఈ సంగతి ఎన్నిసార్లు తల్చుకున్నా ఆశ్చర్యమే.

ఇప్పుడు ఆ కడ్డీనే టెస్టింగ్ మెషిన్ లో రెండు చివర్లా బిగించి మెల్లగా లాగుతున్నాం అనుకోండి. కాలేజీలో దీన్ని స్ట్రెస్ స్ట్రెయిన్ కర్వ్ అని, స్ట్రెస్ నిలువుగా, స్ట్రెయిన్ అంటే మొదటి పొడుగులో ఎన్నో వంతు సాగిందో అది అడ్డంగా పెట్టి, బోర్డు మీద గీసి, ఏ బీ సీ డీ పాయింట్లు పెట్టి, బట్టీ పట్టిస్తారు, పరీక్షలో అదే గీస్తే మార్కులు. నాకు అది చాలా బాధ. ఆ కర్వ్ ఒక కథ అండీ, మెటీరియల్ తన గురించి తను చెప్పుకునే కథ, ఒక్కసారి మెషిన్ పక్కన నిలబడి చూస్తే జన్మలో మర్చిపోరు.

మొదట్లో ఏమీ జరిగినట్టే ఉండదు. లోడ్ పెరుగుతూ ఉంటుంది, కడ్డీ సాగుతూ ఉంటుంది కానీ కంటికి కనపడదు, మీటర్ పొడుగు కడ్డీ అయితే లొంగే లోపల సాగేది మొత్తం 1.25 మిల్లీమీటర్లు. ఇక్కడ ఆపి లోడ్ తీసేస్తే మళ్ళీ మొదటి పొడుక్కే వచ్చేస్తుంది, అణువుల మధ్య బంధాలు స్ప్రింగుల్లా సాగి మళ్ళీ ముడుచుకుంటాయి అన్నమాట. ఇది ఎలాస్టిక్ భాగం. తర్వాత మైల్డ్ స్టీల్ లో ఒక విచిత్రం జరుగుతుంది, లోడ్ సూది ఒక్కసారి కాస్త కిందకి దిగి, అక్కడే తడబడుతూ నిలబడిపోతుంది, లోడ్ పెరగట్లేదు కానీ కడ్డీ సాగుతోంది. అదే యీల్డ్, ఇందాక లొంగడం అన్నది. ఇక్కడ్నుంచి సాగింది సాగినట్టే, వెనక్కి రాదు. కాసేపటికి స్టీల్ మళ్ళీ గట్టిపడుతుంది, లోడ్ పెరుగుతుంది, సుమారు 400 మెగా పాస్కల్ పైన ఒక శిఖరానికి చేరుతుంది, ఆ తర్వాత ఎక్కడో ఒక చోట నడుం సన్నబడుతుంది, నెక్ అంటారు, అక్కడ గబగబా సన్నబడిపోయి టప్పుమని తెగుతుంది. తెగిన రెండు ముక్కలు చూస్తే ఒకటి చిన్న గిన్నెలా, రెండోది ఆ గిన్నెలో అమరే శంకువులా ఉంటుంది. ఇంకో సంగతి, వెంటనే ముట్టుకుంటే తెగిన చోట వెచ్చగా ఉంటుంది. మనం పెట్టిన పనిలో చాలాభాగం వేడిగా మారింది మరి.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది, శిఖరం దాటాక కర్వ్ కిందకి దిగుతుంది కదా, మెటీరియల్ బలహీనపడింది అనుకుంటారు. కాదు. మనం లోడ్ ని మొదటి వైశాల్యంతోనే భాగిస్తున్నాం, కానీ నడుం దగ్గర వైశాల్యం తగ్గిపోయింది, అక్కడున్న అసలు వైశాల్యంతో భాగిస్తే స్ట్రెస్ తెగేదాకా పెరుగుతూనే ఉంటుంది. అల్యూమినియం లాంటివాటిలో ఆ తడబాటు కనపడదు, నున్నగా వంగిపోతుంది గీత, అందుకని శాశ్వతంగా 0.2 శాతం సాగిన చోటుని యీల్డ్ అనుకుందాం అని ఒక ఒప్పందం పెట్టుకున్నారు, ప్రూఫ్ స్ట్రెస్ అంటారు దాన్ని.

సరే, ఈ కర్వ్ లో మన నాలుగు గట్టితనాలు ఎక్కడున్నాయో చూడండి. మొదటి గీత ఎంత నిటారుగా ఉందో అది స్టిఫ్‌నెస్, యంగ్స్ మాడ్యులస్. ఎంత ఎత్తు దాకా వెళ్ళిందో అది స్ట్రెంగ్త్. కర్వ్ కింద ఉన్న వైశాల్యం అంతా టఫ్‌నెస్, అంటే తెగే లోపల ఎంత శక్తి మింగగలదు అని. హార్డ్‌నెస్ ఈ బొమ్మలో నేరుగా లేదు, దాన్ని ఒక గుండునో వజ్రపు మొననో నొక్కి కొలుస్తారు, బ్రినెల్ 1900 లో మొదలుపెట్టాడు ఆ గుండు పద్ధతి, స్టీల్స్ వరకు అయితే ఆ నంబర్ ని సుమారు మూడున్నరతో గుణిస్తే తెగే స్ట్రెస్ మెగా పాస్కల్స్ లో దాదాపుగా వచ్చేస్తుంది, ముక్క కొయ్యకుండా అంచనా వేసుకోవడానికి బాగా పనికొస్తుంది.

టఫ్‌నెస్ గురించి ఒక్క లెక్క చెప్తాను, చెప్పకపోతే నాకు ఊపిరాడదు. మైల్డ్ స్టీల్ యీల్డ్ దాకా మీటర్ కి 1.25 మిల్లీమీటర్లు సాగుతుంది అన్నాను కదా, తెగే దాకా మాత్రం 200 మిల్లీమీటర్లకి పైనే సాగుతుంది. శక్తి లెక్కన చూస్తే యీల్డ్ దాకా మింగింది ఒకటి అయితే తెగే దాకా మింగేది 500 ఉంటుంది. డిజైన్ లో మనం వాడుకునేది ఆ ఒకటే, మిగతా 499 వాడం, అది ప్రమాదం జరిగిన రోజు కోసం. కారు గుద్దుకుంటే ముందు భాగం నలిగిపోయి లోపలున్న మనిషిని బతికించేది ఆ 499. గాజులో ఆ 499 లేదు. గీత నిటారుగా పైకెళ్ళి అక్కడే ఆగిపోతుంది, అందుకే దాన్ని పెళుసు అంటాం.

స్టిఫ్‌నెస్ కీ స్ట్రెంగ్త్ కీ మధ్య జరిగే గందరగోళం ఇంకో రకం. ఒక బీమ్ లోడ్ కింద ఎక్కువ వంగుతోంది, ఏం చేద్దాం అంటే హై స్ట్రెంగ్త్ స్టీల్ వేద్దాం అంటారు. వేస్తే ఏమవుతుందో తెలుసా, అంతే వంగుతుంది. ఒక్క మిల్లీమీటర్ కూడా తగ్గదు. ఎందుకంటే యంగ్స్ మాడ్యులస్ మామూలు స్టీల్ కైనా, రెండు మూడు రెట్లు స్ట్రెంగ్త్ ఉన్న స్టీల్ కైనా దాదాపు ఒకటే, 200 గిగా పాస్కల్ చుట్టూ, గిగా అంటే వెయ్యి మెగా. హీట్ ట్రీట్‌మెంట్ చేసినా పెద్దగా మారదు. అల్యూమినియంకి 70. వంపు తగ్గించాలంటే ఆకారం మార్చాలి, దీర్ఘచతురస్రం ఆకారపు బీమ్ లోతుని రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది, డబ్బు ఖరీదైన స్టీల్ మీద పెట్టే బదులు ఆ లోతు మీద పెట్టాలి.

మాడ్యులస్ ఎందుకు మారదు, స్ట్రెంగ్త్ ఎందుకు మారుతుంది? మీ చేతిలో క్లిప్ ఉంది కదా, దాన్ని నిటారుగా సాగదీయండి. తీశారా. ఇప్పుడు ఒక చోట వంచండి. మళ్ళీ సరిగ్గా అదే చోట వెనక్కి వంచి నిటారుగా చెయ్యడానికి చూడండి. అవ్వట్లేదు కదా, వంపు ఉన్న చోట కాకుండా పక్కన వంగుతోంది. వంగిన చోట గట్టిపడింది అది.

ఇలా ఎందుకు అవుతుందో 1934 దాకా ఎవరికీ సరిగ్గా తెలీదు. అంతకుముందు 1926 లో ఫ్రెంకెల్ లెక్క వేశాడు, లోహంలో ఒక అణువుల పొర ఇంకో పొర మీద మొత్తంగా జారాలంటే ఎంత స్ట్రెస్ కావాలి అని, ఆ లెక్కలో వచ్చింది గిగా పాస్కల్స్ లో ఉంది, నిజంగా శుద్ధమైన లోహపు స్ఫటికాన్ని లాగితే అందులో వెయ్యో వంతుకే, ఒక్కోసారి ఇంకా తక్కువకే లొంగిపోతోంది. 1934 లో టేలర్, ఒరోవాన్, పొలాన్యి ముగ్గురూ ఎవరికి వారే ఒకే జవాబు చెప్పారు, పొర మొత్తం ఒకేసారి జారదు, స్ఫటికంలో డిస్లొకేషన్ అనే ఒక తప్పు వరస ఉంటుంది, అది ఒక్కో అడుగు జరుగుతూ పోతుంది అని. పెద్ద టార్పాలిన్ నేల మీద పరిచి ఉందనుకోండి, బరువుగా ఉంటుంది, మొత్తం ఒకేసారి లాగితే కదలదు, అదే ఒక అంచున చిన్న ముడత లేపి ఆ ముడతని కాలితో తోసుకుంటూ అటు చివరి దాకా తీస్కెళ్తే టార్పాలిన్ మొత్తం ఆ మేరకి జరిగిపోతుంది. ఆ ముడతే డిస్లొకేషన్. లోహం వంగేది అందుకే, విరక్కుండా సాగేది కూడా అందుకే.

అయితే లోహాన్ని బలంగా చెయ్యడం అంటే ఏంటి, ఆ ముడతలకి అడ్డం పెట్టడం. మీ క్లిప్ లో వంచినప్పుడు కొత్త డిస్లొకేషన్లు పుట్టి ఒకదానికొకటి అడ్డం పడి చిక్కుపడ్డాయి, అందుకే గట్టిపడింది. స్టీల్ లో కార్బన్ వేసేది, సన్నటి గ్రెయిన్లు, అంటే లోపలి చిన్న చిన్న స్ఫటికాలు చేసేది, అల్యూమినియంలో రాగి వేసి ఏజింగ్, అంటే కొంతకాలం అలా ఉంచి గట్టిపడనిచ్చేది అన్నీ ఇదే పని. కానీ మాడ్యులస్ అనేది అణువుల బంధం సంగతి, డిస్లొకేషన్ ఆగినా కదిలినా ఆ బంధం మారదు, అందుకని అది అలాగే ఉంటుంది. అడ్డం మరీ ఎక్కువ పెట్టేస్తే ఆ ముడతలు అసలు కదల్లేవు, అప్పుడు సాగే గుణం పోతుంది, స్ట్రెంగ్త్ పెరిగి టఫ్‌నెస్ పడిపోతుంది. ఈ బేరం ఎప్పుడూ ఉంటుంది, డేటా షీట్ లో పెద్ద నంబర్ చూడగానే దాని పక్కన ఎలాంగేషన్, అంటే తెగే లోపల ఎంత సాగుతుందో, అది కూడా చూడమనేది ఇందుకే.

ఇప్పుడు చాక్ పీసులు తియ్యండి. మొదటిదాన్ని రెండు చేతుల్తో వంచి విరవండి. అంచు అడ్డంగా నేరుగా విరిగింది కదా. రెండోదాన్ని వంచకుండా, తడి బట్ట పిండినట్టు మెలిపెట్టండి, మెల్లగా, మెలి మాత్రమే. విరిగిందా? అంచు చూడండి ఇప్పుడు. ఏటవాలుగా, మర చుట్టు తిరిగినట్టుగా విరిగింది. సుమారు 45 డిగ్రీలు. మెలి తిప్పినప్పుడు పైకి షియర్, అంటే పొర మీద పొరని జార్చే స్ట్రెస్, మాత్రమే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ 45 డిగ్రీల దిశలో చూస్తే అక్కడ శుద్ధమైన లాగుడు ఉంటుంది, చాక్ కి లాగుడంటే పడదు, అందుకని ఆ దారి వెతుక్కుని విరిగింది. అదే మైల్డ్ స్టీల్ కడ్డీని మెలిపెట్టి తెంపితే అడ్డంగా, కత్తితో కోసినట్టు తెగుతుంది, ఎందుకంటే దానికి జారడం సుళువు, లాగుడుకన్నా షియర్ కి ముందు లొంగుతుంది. విరిగిన ముక్క చూసి, ఏ లోడ్ కి విరిగిందో, మెటీరియల్ పెళుసా సాగేదా చెప్పొచ్చు, మీరు ఇప్పుడు రెండు నిమిషాల్లో నేర్చుకున్నది అదే. కాంక్రీట్ కూడా చాక్ జాతే, నొక్కితే 30 మెగా పాస్కల్ మోసేది లాగితే అందులో దాదాపు పదో వంతుకే పగులుతుంది, అందుకే లాగుడు వచ్చే వైపు స్టీల్ కడ్డీలు పెడతాం.

పెళుసు మెటీరియల్స్ లాగుడుకి ఎందుకంత భయపడతాయి అనేది గ్రిఫిత్ తేల్చాడు, 1921 లో అచ్చయిన పేపర్. ఆయన గాజు కడ్డీలు లాగి తెంపాడు, ఒక మిల్లీమీటర్ మందం ఉన్నవి సుమారు 170 మెగా పాస్కల్ కి తెగాయి. సన్నగా, ఇంకా సన్నగా దారాలు తీసి తెంపుతూ పోతే, 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ లో వెయ్యో వంతు) దారం దగ్గర 3,400 మెగా పాస్కల్ వచ్చింది. అదే గాజు, ఇరవై రెట్లు. మెటీరియల్ మారలేదు కదా, ఏం మారింది? మామూలు గాజు మీద కంటికి కనపడని పగుళ్ళు ఉంటాయి, సన్నటి కొత్త దారంలో పెద్ద పగులు ఉండటానికి చోటు తక్కువ. బలం అనేది మెటీరియల్ ఒక్కదాని సంగతి కాదు, అందులో ఎంత పొడుగు పగులు ఉంది అనే సంగతి కూడా. పగులు నాలుగు రెట్లు పొడుగైతే తట్టుకునే స్ట్రెస్ సగానికి పడిపోతుంది.

దీనికి కాస్త ముందు, 1913 లో ఇంగ్లిస్ ఒక లెక్క చేశాడు. పెద్ద రేకులో గుండ్రటి రంధ్రం ఉంటే దాని అంచున స్ట్రెస్ మూడు రెట్లు అవుతుందని అప్పటికే తెలుసు, ఇంగ్లిస్ కోడిగుడ్డు ఆకారం తీస్కుని అది ఎంత సన్నబడితే కొన దగ్గర స్ట్రెస్ అంత పెరుగుతుందని చూపించాడు. లాగే దిశకి అడ్డంగా ఉన్న రంధ్రం పొడుగు వెడల్పుకి పది రెట్లుంటే కొన దగ్గర స్ట్రెస్ 21 రెట్లు. ప్లాస్టిక్ ప్యాకెట్ అంచున చిన్న గాటు ఉంటుంది చూడండి, గాటు లేని చోట ఎంత గుంజినా చిరగదు, గాటు దగ్గర రెండు వేళ్ళతో చిరిగిపోతుంది, ప్యాకెట్ లో అది కావాలని పెట్టారు. షాఫ్ట్ లో, ఓడలో, విమానంలో తెలీక పెడతాం.

ఓడ అన్నాను కాబట్టి స్కెనెక్టడీ సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం, అమెరికా గబగబా వేల ఓడలు కడుతోంది, రివెట్లు మానేసి వెల్డింగ్ తో. స్కెనెక్టడీ అని ఒక ట్యాంకర్, 1942 డిసెంబర్ ఆఖర్న పూర్తయింది, 1943 జనవరి 16 రాత్రి పోర్ట్‌లాండ్ రేవులో కట్టేసి ఉంది, తుఫాను లేదు, అలలు లేవు, ఒక్కసారి పెద్ద శబ్దంతో డెక్ నుంచి రెండు పక్కలా కింద దాకా పగిలి దాదాపు రెండు ముక్కలయ్యింది, అడుగు రేకు ఒక్కటే ఆగింది. ఆ శబ్దం ఒక మైలు దూరం దాకా వినపడిందట. ఆ టైంలో డెక్ మీద ఉన్న స్ట్రెస్ లెక్క కడితే సుమారు 68 మెగా పాస్కల్. ఆ స్టీల్ యీల్డ్ అవ్వాలంటేనే 200 దాటాలి, సుమారు మూడో వంతే. మరి మామూలుగా సాగే స్టీల్ గాజులా ఎలా పగిలింది? కేంబ్రిడ్జ్ లో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త యుద్ధకాలంలో ఈ ఓడల స్టీల్ మీద పని చేసి చూపించింది, తప్పు వెల్డింగ్ ఒక్కదానిదే కాదు, ఆ స్టీల్ చల్లబడితే ఒక ఉష్ణోగ్రత దగ్గర సాగే గుణం వదిలేసి పెళుసైపోతుంది అని. ఆ రాత్రి గాలి సున్నా డిగ్రీల కింద ఉంది. దానికి తోడు ఒక చిన్న పగులో వెల్డ్ లోపమో ఉంది, పైగా రివెట్ల ఓడలో పగులు ఒక ప్లేట్ చివర ఆగిపోయేది, వెల్డింగ్ ఓడ మొత్తం ఒకే ముక్క కాబట్టి ఆపేది లేదు. టెన్సైల్ టెస్ట్, అంటే ఇందాకటి లాగే టెస్ట్ లో ఆ స్టీల్ పాసయ్యే ఉంటుంది, ఎందుకంటే ఆ టెస్ట్ నున్నటి ముక్కతో, మెల్లగా, గది వేడిలో చేస్తారు. గాటు పెట్టి, చల్లబరిచి, సుత్తితో ఒక్క దెబ్బ కొట్టే టెస్ట్ వేరే ఉంది, షార్పీ టెస్ట్, 1901 నుంచీ ఉంది, కానీ ఓడల స్టీల్ ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మళ్ళీ క్లిప్ తీస్కోండి. వంచండి, తిప్పి వంచండి, మళ్ళీ. లెక్కపెట్టుకోండి. పదికో ఇరవైకో అందరివీ విరుగుతాయి. ఒక్కసారి వంచితే విరగనిది పదిసార్లకి విరిగింది, లోడ్ పెంచలేదు మీరు. దీన్ని ఫటీగ్ అంటాం. మీరు క్లిప్ ని యీల్డ్ దాటించి వంచారు కాబట్టి పదిసార్లు పట్టింది, యీల్డ్ లోపలే ఉంచి వంచినా లక్షల సార్లకి విరగొచ్చు, అదీ అసలు భయం.

1842 మే 8 న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్ళే రైల్లో ఇంజిన్ యాక్సిల్, అంటే చక్రాల ఇరుసు, విరిగి పెద్ద ప్రమాదం జరిగింది. అప్పట్లో ఇనుము ఊగి ఊగి లోపల స్ఫటికంలా మారిపోతుంది అని నమ్మేవాళ్ళు, విరిగిన చోట మెరుస్తూ కనపడేది కదా. రాంకిన్, అప్పటికి కుర్రాడు, 1843 లో చెప్పాడు, అది కాదు, పగులు మెల్లగా పైనుంచి లోపలికి పాకుతోంది, యాక్సిల్ మందం మారే చోట మూల పదునుగా చెయ్యకండి, పెద్ద వంపు ఇవ్వండి అని. తర్వాత వోలర్ జర్మనీలో యాక్సిల్స్ తిప్పుతూ ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి, స్టీల్ కి ఒక హద్దు ఉందని, ఆ హద్దు లోపల ఉంటే ఎన్నిసార్లు తిప్పినా విరగదని తేల్చాడు. నున్నటి శాంపిల్ కి ఆ హద్దు తెగే స్ట్రెస్ లో సుమారు సగం. అల్యూమినియంకి అలాంటి స్పష్టమైన హద్దు లేదు, తక్కువ స్ట్రెస్ అయినా ఎప్పుడో ఒకప్పుడు లెక్క పూర్తవుతుంది.

ఇప్పుడు మా షాఫ్ట్. మందం మారే చోట మూల పదునుగా కోసి ఉంది, రాంకిన్ వద్దన్నట్టే. విరిగిన ముఖం మీద సముద్రపు ఒడ్డున అలలు వదిలిన గీతల్లాంటివి, ఒక మూల నుంచి మొదలై విస్తరిస్తూ, ముఖంలో ముప్పాతిక వంతు దాకా ఉన్నాయి, చివరి పావు వంతే గరుకుగా ఉంది. ఆ గీతల భాగం నెలల తరబడి పాకిన పగులు, ఆ గరుకు భాగం ఆఖరి క్షణం. కొత్త స్టీల్ స్ట్రెంగ్త్ ఎక్కువే, కానీ స్ట్రెంగ్త్ పెరిగేకొద్దీ గాటు అంటే భయం కూడా పెరుగుతుంది, దాంతో మూల దగ్గర మనకి దొరికిన లాభం చాలావరకు పోయింది. మూడోసారి పాత స్టీల్ తోనే చేయించాం, ఆ మూలలో మాత్రం నున్నగా వంపు ఇచ్చి పాలిష్ చేయించాం. నేను అక్కడ ఉన్నంత కాలం విరగలేదు.

విమానాల్లో కామెట్ అనే బ్రిటిష్ జెట్ సంగతి చాలామంది విని ఉంటారు, 1954 లో జనవరిలో ఒకటి, ఏప్రిల్ లో ఒకటి గాల్లోనే విచ్చుకుపోయాయి. కిటికీలు నలుచదరంగా ఉండటం వల్ల అని చెప్పేసి వదిలేస్తారు. దాన్లో ఇంకా లోతైన సంగతి ఉంది. ఫటీగ్ టెస్ట్ చెయ్యకుండా ఎగరెయ్యలేదు వాళ్ళు, చేశారు, టెస్ట్ ముక్క 16,000 సార్లకి పైగా క్యాబిన్ గాలి ఒత్తిడి తట్టుకుంది. కానీ ఆ ముక్క మీదే అంతకుముందు బలం చూద్దామని మామూలుకి రెట్టింపు దాకా ఒత్తిడి పెట్టారు. దాంతో మూలల దగ్గర లోహం కాస్త యీల్డ్ అయ్యి, ఒత్తిడి తీసేశాక అక్కడ నొక్కుడు స్ట్రెస్ మిగిలిపోయింది, అది పగుళ్ళని ఆపింది. ఎగిరే విమానాలకి ఆ రక్షణ లేదు. ప్రమాదాల తర్వాత అప్పటిదాకా సర్వీసులో ఉన్న ఒక విమానాన్ని నీళ్ళ ట్యాంకులో పెట్టి ఒత్తిడి ఎక్కిస్తూ దించుతూ పోతే, ఎగిరినవీ ట్యాంకులోవీ కలిపి 3,057 దగ్గర పగిలింది. ఒక టెస్ట్ ఇంకో టెస్ట్ జవాబుని మార్చేసింది చూడండి.

క్రీప్ గురించి క్లుప్తంగా చెప్పి ప్రశ్నలకి వెళ్దాం. వేడి మీద, కరిగే ఉష్ణోగ్రతలో (కెల్విన్ లెక్కన) సుమారు 0.4 వంతు దాటాక, లోడ్ కదలకుండా అలాగే ఉన్నా మెటీరియల్ గంటలూ ఏళ్ళూ గడిచేకొద్దీ సాగుతూ పోతుంది. సీసానికి గది వేడి కూడా ఎక్కువే, స్టీల్ కి 400 డిగ్రీల పైన చూస్కోవాలి. అక్కడ స్ట్రెంగ్త్ ఎంత అని అడిగితే సరిపోదు, ఎన్ని గంటలకి అని కూడా అడగాలి.

అడగండి. ఆ, వెనక నుంచి... "సేఫ్టీ ఫ్యాక్టర్ ఎక్కువ పెట్టుకుంటే ఇవన్నీ కవర్ అయిపోతాయి కదా సార్" అంటున్నారు. మంచి ప్రశ్నమ్మా. సేఫ్టీ ఫ్యాక్టర్ అంటే పాడయ్యే లోడ్, వాడే లోడ్ కి ఎన్ని రెట్లు ఉందో అది. ఓడ సంగతే తీస్కో, యీల్డ్ తో పోలిస్తే అక్కడ మూడు రెట్ల ఫ్యాక్టర్ ఉంది, పగిలింది. ఫ్యాక్టర్ అనేది నువ్వు లెక్కపెట్టిన ఫెయిల్యూర్ కి దూరం మాత్రమే చెప్తుంది. యీల్డ్ తో పోల్చి మూడు అంటే యీల్డ్ కి మూడు, పగులు పాకడానికి ఎంతో అది చెప్పదు.

ఇంకో ప్రశ్న, "వాడుతున్న పార్ట్ లో పగులు ఉందో లేదో ఎలా తెలుస్తుంది". పైన కనపడేదాన్ని రంగు ద్రవం పూసి చూస్తారు, స్టీల్ అయితే అయస్కాంతం పెట్టి ఇనప పొడి చల్లుతారు, లోపల ఉన్నదానికి అల్ట్రాసౌండ్. దానికన్నా ముఖ్యం ఏంటంటే ఎంత పగులు దాకా పర్లేదు అని ముందే లెక్క ఉండాలి, కనపడగలిగినంత సైజు నుంచి ప్రమాదం అయ్యే సైజు దాకా ఎన్ని లోడ్లు పడతాయో చూసి, ఆ మధ్యలో కనీసం రెండు సార్లయినా తనిఖీ వచ్చేలా పెట్టుకోవాలి.

కానీ ఆ రెండు సైజుల మధ్య ఎడమే లేకపోతే? అమెరికాలో ఒహాయో నది మీద సిల్వర్ బ్రిడ్జ్ అని ఉండేది, 1928 లో తెరిచారు. తీగల బదులు గొలుసులా ఐబార్లు, అంటే రెండు చివర్లా కన్ను (పిన్ను దూరే రంధ్రం) ఉన్న పొడవాటి స్టీల్ పట్టీలు, పిన్నులతో కలిపి వేలాడదీశారు. హీట్ ట్రీట్ చేసిన స్టీల్, మామూలుదానికన్నా బాగా ఎక్కువ స్ట్రెంగ్త్, అందుకని ఒక్కో లింకుకి రెండేసి పట్టీలు చాలనుకున్నారు. 1967 డిసెంబర్ 15 సాయంత్రం, వంతెన నిండా వాహనాలున్నప్పుడు, ఒక పట్టీ కన్ను దగ్గర తెగింది, జతలో రెండోది ఒక్కటే ఆగలేక పిన్ను నుంచి జారింది, వంతెన మొత్తం నదిలోకి పోయింది. 46 మంది చనిపోయారు. తెగిన చోట దొరికిన పగులు లోతు రెండున్నర మిల్లీమీటర్లు. నలభై ఏళ్ళుగా తుప్పూ స్ట్రెస్సూ కలిసి పెంచిన పగులు. అదే స్టీల్ టఫ్‌నెస్ ఎక్కువ ఉన్నదైతే అంతకి ఎన్నో రెట్ల పగులుతో కూడా నిలబడేది, మనిషి కంటికి కనపడేది. ఆ పగులు కన్ను లోపలి వైపు ఉంది, పిన్ను దాన్ని కప్పేసి ఉంది, జాయింట్ మొత్తం విప్పితే తప్ప చూడ్డానికి దారి లేదు, వంతెన నడుస్తుండగా ఆ జాయింట్ ని ఎవరూ విప్పలేరు.